దీపంలో నీళ్లు పోసింది నేనే

ఈవెంట్ మేనేజ్‌మెంట్ చదువుతున్న పిల్లలు కొందరు మొన్న మదీనాగూడలో మా ఫ్లాట్‌కి వచ్చారు. "మేడం, మీ క్రియేటివ్ ఇన్‌స్పిరేషన్ ఎక్కణ్ణుంచి వచ్చేది?" అని అడిగారు. సముద్రమనో, సంగీతమనో చెబుతాననుకుని ఫోను నా మొహానికి దగ్గరగా జరిపారు. "మా అత్తగారి వంటింట్లోంచి, ఎక్కువ భాగం దొంగతనంగా" అన్నాను. వాళ్లు నవ్వేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయారు. నేను జోకు వేశాననుకున్నారు పాపం. అందుకే ఇది రాస్తున్నాను.

తొంభైల చివరి రోజులు. ఒక హోటల్లో బాంకెట్ విభాగంలో ఎనిమిదేళ్లు పనిచేసి, ఇక నా అంతటిదాన్ని నేనే అనుకుని బయటికి వచ్చేశాను. మాదాపూర్ వైపు ఒక పక్క బండలు పేలుస్తుండగానే మరో పక్క అద్దాల మేడలు లేస్తున్నాయి. కొండాపూర్‌లో స్థలం కొన్నవాళ్లని చూసి బంధువులు జాలిపడే కాలం. ఆ మేడల్లో కొత్తగా దిగిన సాఫ్ట్‌వేర్ కంపెనీలకి ప్రారంభోత్సవాలు, వార్షికోత్సవాలు కావాలి. అవి చేయించేవాళ్లు కావాలి. నేను విజిటింగ్ కార్డు వేయించుకున్నాను. దాని మీద 'ఈవెంట్ ప్లానర్' అని చూసి మా మేనమామ "అంటే షామియానాలా?" అని అడిగాడు. కాదని అరగంట వివరించాను. అంతా విని "అదే, షామియానాలే" అన్నాడు.

మేము బోరబండలో కిరాయికి ఉండేవాళ్లం. మావారు మిషన్ స్కూల్లో సైన్సు మాస్టారు. మా అత్తగారిది గోదావరి ఒడ్డు, గొంతు మాత్రం సముద్రం ఒడ్డు. అమ్మాయి నాలుగో తరగతి. ఈ ముగ్గురి సామాన్లే నా పెట్టుబడి. మా దోమతెర ఒక కంపెనీ వేదిక మీద మేఘంగా వేలాడింది. మా అమ్మాయి గాజులు ఇంకో కంపెనీలో కర్టెన్లకి కట్టాను. కొత్తగా చేరినవాళ్లకి బ్యాడ్జీలు అందించడానికి అత్తగారి చాట పట్టుకెళ్లి రంగులు వేశాను. వారం తర్వాత ఆవిడ బియ్యం చెరగబోయి, చాట కనపడక కేక పెట్టింది.

"ఏమే, నా చాట ఏ కంపెనీలో ఉద్యోగం చేస్తోంది?"

స్కూల్లో మా అమ్మాయిని 'మా అమ్మ' అని వ్యాసం రాయమంటే, 'మా అమ్మ రోజూ పొద్దున్నే ఇంట్లోంచి ఏదో ఒకటి ఎత్తుకుపోతుంది' అని మొదలుపెట్టింది. టీచరు ఎర్ర సిరాతో దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. మావారు అది చూసి, "నన్నెప్పుడు తీసుకెళతావు? మూలన నిలబడమంటే నిలబడతాను, పెద్దగా ఖర్చుండదు" అన్నారు. ఇంత ఎగతాళి చేసినా వాళ్లెవరూ నన్ను ఆపలేదు. ఆపి ఉంటే ఈ కథ జరిగేది కాదు.

నాకు మొదటి పెద్ద పని అప్పుడే వచ్చింది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మాదాపూర్‌లో సొంత భవనంలోకి మారుతోంది. ఎం.డి. గారిది కృష్ణా జిల్లా, నలభై దాటిన మనిషి. సున్నం వాసన కొడుతున్న హాల్లో నన్ను కూర్చోబెట్టి ఎక్కువసేపు మాట్లాడలేదు.

"పూలు, లైట్లు, భోజనాలు అంతా మీ ఇష్టమండి. నాకు ఒక్కటే ముఖ్యం. దీపం మా అమ్మ వెలిగించాలి."

"తప్పకుండా సార్. పెద్దావిడ చేత్తో అయితే ఎంత బావుంటుంది!" అన్నాను.

"మీకు అర్థం కాలేదండి. మా నాన్నగారు పోయి పాతికేళ్లయింది. అప్పట్నుంచీ అమ్మ ఏ శుభకార్యంలోనూ ముందుకి రాలేదు. రానివ్వలేదు అనాలి. మా చెల్లెలి పెళ్లిలో తలంబ్రాలు పోస్తున్నప్పుడు వెనక గదిలో కూర్చుంది. ఇప్పుడు కూడా మావాళ్లు కొందరు గునుస్తున్నారు, కోడలి చేత వెలిగించు అని. నేను ఒప్పుకోలేదు. అమ్మని ఒప్పించడానికే నెల పట్టింది. ఆ దీపం దగ్గర మాత్రం ఏ తేడా రాకూడదండి."

"మీరు నిశ్చింతగా ఉండండి సార్. ఇలాంటివి వంద చేశాను" అన్నాను.

వంద కాదు కదా, ఒక్కటి కూడా చెయ్యలేదు. హోటల్లో ఉన్నన్నాళ్లూ దీపం సంగతి వేరే ఆయన చూసుకునేవాడు. నేను చూసింది కుర్చీలూ పూలూ. మాది క్రైస్తవ కుటుంబం. మా ఇంట్లో కొవ్వొత్తులు తెలుసు, కరెంటు పోతే కిరసనాయిలు బుడ్డి తెలుసు. కుందిలో వత్తి వేసి వెలిగించడం నా చేతులు ఎరగవు. పక్కింటావిడని అడిగితే రెండు నిమిషాల్లో చెప్పేది. కానీ ఈవెంట్ ప్లానర్ పక్కింటావిడని అడుగుతుందా?

నాతో పనిచేసే టెంట్ హౌస్ అతనిది బోరబండే. నాకన్నా రెండేళ్లు చిన్న, ఇద్దరు పిల్లల తండ్రి. నిలువెత్తు ఇత్తడి కుంది, ఐదు వత్తులది, ఎక్కడో సంపాదించి తెచ్చాడు. ముందురోజు మధ్యాహ్నం హాల్లో దాన్ని నిలబెట్టి, పైన పళ్లెంలో నీళ్లు పోసి చూస్తే అతుకు దగ్గర చుక్కచుక్కగా కారుతోంది. సరిగ్గా అప్పుడే ఆ కంపెనీ అడ్మిన్ ఆఫీసరు వచ్చాడు. ఆయనకి కార్పెట్ ప్రాణం. గంధం రంగు కార్పెట్, ఎక్కణ్ణుంచో ఓడలో వచ్చిందట. దాని మీద ఆయనే సాక్సులతో నడిచేవాడు.

"మేడం, నూనె ఒక్క చుక్క పడిందంటే మరక జన్మలో పోదు. కింద ప్లాస్టిక్ వేస్తే ఫొటోల్లో బాగోదు. ఏం చేస్తారో మీ ఇష్టం. ఇవాళ మంట వెలిగించి చూస్తామంటే మాత్రం కుదరదు, పొగకి అలారాలు మోగుతాయి. రేపు ఆ టైముకి ఆపిస్తాను, అంతే."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి ఆలోచిస్తూ కూర్చున్నాను. మా అత్తగారు పప్పుచారు పోపు పెడుతోంది. గిన్నెలో చారు మీద నూనె బొట్లు తేలుతున్నాయి. అంతే! బుర్రలో ఏదో వెలిగింది. దీపం తప్ప అన్నీ వెలుగుతాయి నా బుర్రలో.

నా చిన్నప్పుడు క్రిస్మస్‌కి మా అమ్మ గాజు గ్లాసుల్లో రంగు నీళ్లు పోసి, పైన రెండు వేళ్ల మందం కొబ్బరినూనె పోసేది. బెండు ముక్కకి గుచ్చిన వత్తి దాని మీద తేలుతూ రాత్రంతా వెలిగేది. ఎర్ర గ్లాసు, ఆకుపచ్చ గ్లాసు కిటికీలో వరసగా పెట్టేవాళ్లం. అదే పని కుందిలో చేస్తే? కింద నీళ్లు, పైన నూనె. కారితే కింద ఉన్న నీళ్లే కారతాయి. నీటికి మరక ఉండదు. కార్పెట్ బతుకుతుంది, దీపం వెలుగుతుంది, నేను గొప్పదాన్నవుతాను. మావారికి చెబుదామనుకున్నాను గానీ ఆయన పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నారు. సైన్సు మాస్టారు మూడడుగుల దూరంలో ఉండగా నేను ఈ పని చేశానని గమనించగలరు.

మర్నాడు పొద్దున పదీ నలభైకి ముహూర్తం. తొమ్మిదింటికే నేను కుందిలో సగం దాకా నీళ్లు పోసి, పైన నువ్వుల నూనె పోసి, ఐదు లావుపాటి వత్తులు అందంగా అమర్చాను. టెంట్ హౌస్ అతను చూశాడు.

"అక్కా, దీపంల నీళ్లేంది?"

"అది ఒక టెక్నిక్ తమ్ముడూ."

"వత్తి అంటుకుంటదా గిట్ల? జర సోంచాయించు. మా ఇంట్ల ఎన్నడు సూడలే."

"మీ ఇంట్లో చూడలేదనే కదా నన్ను పిలిచారు! నువ్వు మైకు సంగతి చూసుకో. ఇది క్రియేటివ్ విషయం."

"మంచిది అక్కా, నాకేంది" అని వెళ్లిపోయాడు. పెద్ద మనిషి. ఆ మాట నేను ఇంకొకరితో అని ఉంటే కుంది నెత్తిన పెట్టి వెళ్లేవారు.

పదిన్నరకి హాలు నిండిపోయింది. రెండు వందల మంది ఇంజనీర్లు, మెళ్లో బ్యాడ్జీలతో. ముందు వరసలో విదేశీ అతిథులు ఇద్దరు, వాళ్ల పక్కన ఎం.డి. గారి బంధువులు. వాళ్లలో ఆయన మేనత్త ఒకావిడ ఉంది. ఆవిడా భర్త పోయినావిడే, నుదుట విభూతి, బిగించిన పెదవులు. టేప్‌రికార్డర్‌లో సన్నాయి మొదలైంది. ఎం.డి. గారు వాళ్లమ్మగారి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. చిన్న మనిషి. బూడిద రంగు నేత చీర. వేదిక మెట్టు ఎక్కేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది, ఎవరైనా ఆపుతారేమో అన్నట్టు. ఎవరూ ఆపలేదు. కొడుకు వెలిగించిన కొవ్వొత్తి చేతికి ఇచ్చాడు.

ఆవిడ మొదటి వత్తికి మంట తాకించింది. చిట్... చిటపట... చుయ్‌మని ఆరిపోయింది.

ఆ చప్పుడు నాకు తెలియదా? తడి గరిటె పోపులో పెడితే వచ్చే చప్పుడు. ముప్ఫై అయిదేళ్లొచ్చిన ఆడదానికి ఆ చప్పుడు ఎవరూ వివరించనక్కర్లేదు. పెద్దావిడ తల తిప్పి, వేదిక పక్కన నిలబడ్డ నా వైపు చూసింది. నేను చటుక్కున పైకి, ఏసీ వైపు చూశాను. గాలి ఎక్కువగా ఉందన్నట్టు మొహం పెట్టాను.

రెండో వత్తి. నీలంగా ఒక్క క్షణం నిలబడి, టప్‌మని నిప్పురవ్వ ఎగిరి ఆరిపోయింది. ఆవిడ మళ్లీ నా వైపు చూసింది. "ఏసీ! ఏసీ ఆపండి!" అని నేను గట్టిగానే కేక వేశాను. అందరూ తలలెత్తి ఏసీ వైపు చూశారు. ఎవరో పరుగెత్తి ఆపారు. ఆ చప్పుడు కూడా ఆగిపోయి హాలు నిశ్శబ్దమైపోయింది. నా తెలివికి ఇంతకన్నా ఏం రుజువు కావాలి! గాలి ఉన్నంతసేపు ఒక సాకు ఉంది. దాన్ని కూడా నేనే పీకేశాను.

మూడో వత్తీ చుయ్‌మంది. ఆవిడ మళ్లీ నా వైపు చూసింది, నేను ఆగిపోయిన ఏసీనే చూస్తూ నిలబడ్డాను. ఆకు కూడా కదలని ఆ హాల్లో, ముందు వరసలోంచి మేనత్తగారి మాట మెల్లగానే వచ్చింది, అందరికీ వినపడింది.

"నేను ముందే చెప్పాను. ఏ చేత్తో చెయ్యాల్సిన పని ఆ చేత్తో చెయ్యాలి."

ఎవరో "ష్" అన్నారు. ఎం.డి. గారి మొహం కందిపోయింది. పెద్దావిడ ఏమీ విననట్టు నాలుగో వత్తి దగ్గరికి కొవ్వొత్తి జరిపింది. అదీ ఆరింది. ఆవిడ ఇంకోసారి నా వైపు చూసింది, నేను మళ్లీ ఏసీ వైపే. ఐదోదాని దాకా వెళ్లిన చెయ్యి అక్కడే ఆగి, వెనక్కి వచ్చింది.

"నువ్వు వెలిగించమ్మా" అని కొవ్వొత్తి కోడలికి అందించబోయింది. గొంతు మామూలుగానే ఉంది. అదే నా గుండెల్లో గుచ్చుకుంది. ఇలా పక్కకి తప్పుకోవడం ఆవిడకి బాగా అలవాటైన పనిలా ఉంది.

టెంట్ హౌస్ అతను నా వెనక నుంచి అన్నాడు: "అక్కా, వత్తులు నీళ్లు తాగినయి. ఇగ చెప్పెయ్. లేకుంటె ఆ ముసలమ్మ మీద పడతది."

ఎలా నడిచానో తెలియదు. హెచ్.ఆర్. అమ్మాయి చేతిలోంచి మైకు లాక్కున్నాను. "అందరూ క్షమించాలి" అన్నాను. గొంతు కీచుమంది, మైకూ కీచుమంది. "ఈ దీపంలో నీళ్లు పోసింది నేనే. నూనె కారితే కార్పెట్ పాడవుతుందని కింద నీళ్లు, పైన నూనె పోశాను. నాకు కుంది వెలిగించడం రాదు. వచ్చని అబద్ధం చెప్పాను. అమ్మగారి చేతిలో ఏ లోపమూ లేదు. లోపమంతా నా బుర్రలోనే ఉంది."

వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ముందుకి పాకి హాలంతా అందుకుంది. విదేశీ అతిథికి పక్కనాయన విషయం చెబితే ఆయన కాస్త ఆలస్యంగా, ఒంటరిగా నవ్వాడు. అడ్మిన్ ఆఫీసరు మాత్రం కార్పెట్ వైపు చూసుకుంటున్నాడు. ఎం.డి. గారు నవ్వలేదు. ఆయన నా వైపు చూసిన చూపుని ఇక్కడ వర్ణించను, నాకూ కొంచెం పరువు మిగలాలి.

పెద్దావిడ కొవ్వొత్తి ఊది ఆర్పేసింది. "ఒంపెయ్యండి ఆ నీళ్లు" అంది. టెంట్ హౌస్ అతను పళ్లెం విప్పి, పూల బకెట్‌లో ఒంపి, భుజం మీది తువ్వాలుతో తళతళా తుడిచాడు. అతుకు కింద తువ్వాలే నాలుగు మడతలు పెట్టి చుట్టాడు. "నూనె కారినా నా తువ్వాల తాగుతది సార్, ఫికర్ చెయ్యకుండ్రి" అని అడ్మిన్ ఆఫీసరుకి భరోసా ఇచ్చాడు. ఇంత సులువైన పని ముందురోజు నాకెందుకు తట్టలేదో! క్రియేటివిటీ అడ్డం వచ్చి ఉంటుంది.

ఇక వత్తులు లేవు. అన్నీ తడిసిపోయాయి. కంపెనీ వాళ్ల మందుల పెట్టెలోంచి దూది తెప్పించారు. పెద్దావిడ వేదిక మెట్టు మీదే కూర్చుని, దూది పింజ తీసి అరచేతుల మధ్య నలుపుతూ నన్ను పిలిచింది.

"ఇటు రా. ఇలా కూర్చో. చెయ్యి పట్టు."

రెండు వందల మంది ఇంజనీర్ల ముందు, పట్టుచీర కట్టుకుని, మెట్టు మీద కూర్చుని నేను వత్తులు చెయ్యడం నేర్చుకున్నాను.

"మీ ఇంట్లో దీపం పెట్టరా?"

"మేము క్రైస్తవులమండి. కొవ్వొత్తులు పెడతాం. క్రిస్మస్‌కి మా అమ్మ గాజు గ్లాసుల్లో నీళ్లు, నూనె పోసి..."

"అందులో వత్తి పైన తేలుతుంది. కుందిలో అడుగున పడుకుంటుంది, పిచ్చిపిల్లా. అడుగున నీళ్లుంటే ఏం తాగుతుంది మరి?" అని, నేను నలిపిన వత్తి చూసి, "ఇదేమిటి, సుద్దముక్కలా ఉంది. ఇంకా సన్నగా" అంది.

తర్వాత కాస్త వంగి నాకు మాత్రమే వినపడేలా ఇంకో రెండు మాటలు అంది. అప్పుడే ముందు వరసలోంచి మేనత్తగారు, "ముహూర్తం దాటిపోతోంది" అన్నారు.

పెద్దావిడ చేతిలో వత్తి ఆపలేదు. "పాతికేళ్లు ఆగాను వదినగారూ" అంది. "ఇంకో పది నిమిషాలు ఆగలేనా?"



వత్తులు నూనెలో బాగా నాననిచ్చి, చివళ్లు రెండు వేళ్లతో పిండి, ఆవిడ లేచింది. మొదటిది వెలిగింది. రెండోదీ, మూడోదీ, నాలుగోదీ. ఇంజనీర్లు ఒక్కో వత్తికీ చప్పట్లు కొట్టారు, క్రికెట్ చూస్తున్నట్టు. ఐదోదాని దగ్గర ఆవిడ ఆగి, కొవ్వొత్తి ముందుకి చాపింది.

"వదినగారూ, ఇదొక్కటీ మీరు రండి."

మేనత్తగారు తల అడ్డంగా ఊపారు. వేదిక మీదికి రాలేదు. కానీ కూర్చున్నచోట లేచి నిలబడి, ఆ వత్తి వెలిగేదాకా అలాగే చేతులు జోడించుకుని నిలబడ్డారు. నాకు ఏడుపొచ్చింది. మా పెళ్లి తర్వాత నేను పదిమందిలో ఏడవడం అదే మొదటిసారి, అదీ మైకు మళ్లీ చేతికి తీసుకున్నాక.

ఆ కంపెనీ మళ్లీ నన్ను పిలవలేదు. వార్షికోత్సవం బొంబాయి వాళ్లకి ఇచ్చారని తెలిసింది. న్యాయమే. మావారు విషయం విని, పేపర్లు పక్కన పెట్టి, చాలాసేపు నవ్వి, మర్నాడు తొమ్మిదో తరగతి పిల్లలకి పాఠంగా చెప్పారు. వత్తి అడుగు నుంచి ఎలా పీల్చుకుంటుందో వివరించి, "మన ఊళ్లో ఒకావిడ..." అని మొదలుపెట్టారట. ఆ ఒకావిడ ఎవరో క్లాసంతటికీ తెలుసు. నేను ఆ స్కూలు వీధిలో నడిస్తే పిల్లలు తలలు వంచుకుని నవ్వుకునేవాళ్లు.

అత్తగారు మాత్రం నవ్వలేదు. ఆవిడా మావగారు పోయాక పదిహేనేళ్లుగా ఒంటరిదే. అన్నం వడ్డిస్తూ అడిగింది: "అంత అవమానం చేశావు కదే. ఆవిడ నిన్నేమీ అనలేదా?"

"ఏమీ అనలేదత్తయ్యా. చాలా మంచావిడ" అన్నాను.

ఎక్కడ ఈ సంగతి చెప్పినా, మైకు తీసుకున్న దగ్గర వినేవాళ్లు నన్ను మెచ్చుకుంటారు. మొన్న ఆ పిల్లలు కూడా అంతే, వెళ్లే ముందు ఈ సంగతి చెబితే 'సో బ్రేవ్ మేడం' అన్నారు. మెట్టు మీద ఆ పెద్దావిడ నా చెవిలో అన్న రెండు మాటలు నేను ఎవరికీ చెప్పలేదు. అత్తగారికీ చెప్పలేదు, మావారికీ చెప్పలేదు. వయసైపోయింది కనక ఇప్పుడు చెబుతున్నాను.

"మొదటి వత్తికే నీళ్లని తెలిసింది నాకు. వంట చేసిన చేతులు కదా" అంది ఆవిడ. "కానీ ఆ మాట నేనంటే సాకు చెబుతోందంటారు. నువ్వే అనాలి. అందుకే ఒక్కో వత్తి దగ్గరా నీ వైపు చూశానమ్మా."

నిజమే. నాలుగుసార్లు చూసింది. నాలుగుసార్లూ నేను ఏసీ వైపు చూశాను.